పెంపుడు కప్పకు స్నానం: నీళ్ళ వేడి ఎంత ఉండాలి, ఎలా సరిచూసుకోవాలి

గోరువెచ్చని నీళ్ళు అనగానే మనకు చంటిబిడ్డ స్నానం గుర్తుకు వస్తుంది. బకెట్టులోని వేన్నీళ్ళలో చన్నీళ్ళు కలిపి, మోచేయి ముంచి చూసి, చురుక్కుమనకపోతే సరిపోయిందనుకుంటాం. పెంపుడు కప్ప విషయంలో ఈ అలవాటే ప్రమాదానికి మొదటి మెట్టు. మన చేతి చర్మం సుమారుగా 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది కాబట్టి, చేతికి వేడిగానూ చల్లగానూ అనిపించని నీళ్ళు నిజానికి 33 డిగ్రీల దగ్గర ఉన్నట్టు లెక్క. ఇళ్ళల్లో పెంచుకునే కప్పల్లో దాదాపు అన్నింటికీ అది ప్రాణం మీదికి తెచ్చే వేడి. చేతికి కాస్త చల్లగా తగిలే నీళ్ళే కప్పకు గోరువెచ్చన.

ఈ సంగతి నేను పుస్తకం చదివి తెలుసుకోలేదు. మేము టెక్సాస్‌లో ఉండగా మా అమ్మాయి పట్టుబట్టి పాక్‌మాన్ కప్పను, అంటే పెద్ద నోరూ గుండ్రని ఒళ్ళూ ఉండే దక్షిణ అమెరికా కప్పను, కొనిపించుకుంది. మొదటి వారంలో దాని ఒంటికి పెంట అంటుకుంటే, నేనే చిన్న ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు సిద్ధం చేసి, వేలు పెట్టి చూసి, హాయిగా ఉన్నాయనుకుని అందులో దింపాను. ఎప్పుడూ మట్టిముద్దలా కదలకుండా కూర్చునే ఆ కప్ప, అర నిమిషం తిరగకముందే ఒళ్ళు ఉబ్బించి, ముందుకాళ్ళతో తొట్టి అంచును గీకడం మొదలుపెట్టింది. స్నానం ఇష్టం లేదేమో అనుకున్నాను. కప్పను బయటికి తీశాక, అనుమానం వచ్చి వంటింట్లోని పుల్ల థర్మామీటరును ఆ నీళ్ళలో పెడితే 34 చూపించింది. అది మొండితనం కాదని, ఒళ్ళు కాలుతున్న బాధ అని అప్పుడు అర్థమైంది.

కింద చెప్పబోయే పద్ధతిలో పాక్‌మాన్ కప్పనే ప్రధానంగా తీసుకున్నాను. అమెరికాలోనూ యూరప్‌లోనూ పిల్లలు ఎక్కువగా అడిగి కొనిపించుకునే కప్పల్లో అదొకటి, నాకు బాగా తెలిసినది కూడా అదే. వేరే జాతులకు మారే అంకెలను వాటి దగ్గరే చెప్తాను. వానాకాలంలో మన ఊళ్ళలో చెరువు గట్ల మీద దొరికే కప్పలను పట్టి తెచ్చి పెంచడానికి మాత్రం ఈ వ్యాసాన్ని వాడుకోవద్దు. అడవి జంతువులనూ, పొలాల్లోని ప్రాణులనూ పట్టి ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ముడిపడిన వ్యవహారం. అదీగాక, పొలంలో పురుగులు తినే కప్పకు గాజు పెట్టెలో చేసే పనేమీ లేదు.

అసలు స్నానం ఎప్పుడు కావాలి

కుక్కకు చేయించినట్టు కప్పకు వారం వారం స్నానం చేయించనక్కర్లేదు. దాని చర్మం మీద ఉండే పలుచని జిగురు పొరే దానికి రక్షణ. ఆ పొరను కడిగేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. కప్ప నోటితో నీళ్ళు తాగదు. పొట్ట అడుగున, వెనుక తొడల దగ్గర ఉండే పలుచని చర్మం గుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి కప్ప స్నానం అంటే మురికి వదిలించడం కన్నా ఎక్కువగా దానికి నీళ్ళు తాగించడమే. గాజు పెట్టెలో శుభ్రమైన నీటి పళ్ళెం రోజూ మారుస్తూ ఉంటే ఆ పని అక్కడే జరిగిపోతుంది. విడిగా తొట్టిలో కూర్చోబెట్టవలసిన సందర్భాలు కొన్నే ఉంటాయి. చర్మం ముడతలు పడి, కళ్ళు లోపలికి పోయినట్టు కనిపించి, ఒళ్ళు ఎండినట్టు అంటుకుంటూ ఉంటే నీరు తగ్గిందని అర్థం. ఒంటి మీద పెంట గానీ, పెట్టెలో పరిచే కొబ్బరి పొట్టు గానీ అట్టకట్టినప్పుడు, ఊడుతున్న పాత చర్మం పూర్తిగా రాకుండా ఇరుక్కున్నప్పుడు, కొన్ని రోజులుగా పెంట వేయక పొట్ట బిగుసుకున్నప్పుడు కూడా స్నానం ఉపయోగపడుతుంది. అయితే చివరిదానిలో ఒకటి రెండు స్నానాలతో ఫలితం కనిపించకపోతే మూడో స్నానం కోసం చూడకుండా, ఉభయచరాలను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాలి. పాక్‌మాన్ కప్ప నోటికి అందిన ప్రతిదాన్నీ మింగేస్తుంది, గులకరాయి మింగినా పైకి తెలియదు.

వేడి ఎందుకంత ముఖ్యమో కూడా ఒక మాట చెప్పాలి. కప్పకు మనలాగా ఒంటి వేడిని నిలుపుకొనే ఏర్పాటు లేదు, నీళ్ళు ఎంత వేడిగా ఉంటే కాసేపటికి దాని ఒళ్ళూ అంతే వేడిగా మారుతుంది. 10 డిగ్రీలు పెరిగితే లోపలి జీవక్రియ వేగం దాదాపు రెట్టింపవుతుంది. అంటే ప్రాణవాయువు అవసరమూ అంతే పెరుగుతుంది. నీటిలోని ప్రాణవాయువు మాత్రం వేడితో పాటు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. చర్మంతో కూడా ఊపిరి తీసుకునే ప్రాణికి అవసరం పెరిగి సరఫరా తగ్గడం ఒకేసారి జరుగుతుందన్నమాట. నీళ్ళు మరీ చల్లగా ఉంటే వచ్చే కీడు నెమ్మదిగా వస్తుంది. కప్ప మందగిస్తుంది, తిన్నది అరగదు, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. రెండింటిలో తొందరగా చంపేది వేడి. కాబట్టి సందేహం వచ్చినప్పుడు ఒకటి రెండు డిగ్రీలు తక్కువ వైపే ఉండండి.

ఏ కప్పకు ఎన్ని డిగ్రీలు

పాక్‌మాన్ కప్పలు అర్జెంటీనా, పరాగ్వే, బొలీవియా, బ్రెజిల్ వైపు మైదానాలకు చెందినవి. వీటి స్నానపు నీళ్ళు 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఫారెన్‌హీట్‌లో చెప్పాలంటే 75 నుంచి 81. నేను 25ను గురి పెట్టుకుంటాను, ఎందుకంటే థర్మామీటరు ఒక డిగ్రీ అటూ ఇటూ తప్పు చూపినా ప్రమాదం ఉండదు. ఆస్ట్రేలియా, న్యూగినీలకు చెందిన వైట్స్ చెట్టుకప్పకు, అంటే దుకాణాల్లో డంపీ అని పిలిచే ఆకుపచ్చని బొద్దు కప్పకు, 23 నుంచి 26 చాలు. అది తన దేశంలో అంతకన్నా ఎక్కువ వేడినే తట్టుకుంటుంది గానీ, అక్కడ అది నీడలోకీ చెట్టు తొర్రలోకీ పోగలదు, తొట్టిలో ఎక్కడికీ పోలేదు.

కొరియా, ఈశాన్య చైనా ప్రాంతాల నుంచి వచ్చిన ఎర్రపొట్ట కప్ప, అంటే ఫైర్ బెల్లీడ్ టోడ్, చల్లని నీళ్ళ ప్రాణి. దానికి 20 నుంచి 23 డిగ్రీలే సరైనవి, పాక్‌మాన్‌కు హాయిగా ఉండే 27 దానికి అప్పుడే ఇబ్బంది. ఒకే ఇంట్లో రెండు జాతులు ఉంటే ఒకే తొట్టి నీళ్ళు ఇద్దరికీ వాడకూడదనడానికి ఇదొక కారణం, ఎర్రపొట్ట కప్ప చర్మం నుంచి ఊరే విషం ఇంకో కారణం. ఇక ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే ఆఫ్రికన్ మరుగుజ్జు కప్పకూ, గోళ్ళ కప్పకూ విడిగా స్నానం అన్న మాటే లేదు. వాటి తొట్టిలో నీళ్ళు మార్చేటప్పుడు కొత్త నీళ్ళ వేడి పాత నీళ్ళతో సమానంగా ఉండేలా చూడాలి, అంతే. మరుగుజ్జు కప్పకు 23 నుంచి 26, దక్షిణాఫ్రికా గోళ్ళ కప్పకు 18 నుంచి 22 డిగ్రీలు సరిపోతాయి. రెండింటినీ ఒకటే అనుకుని కొనేవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఏ జాతి అయినా స్నానపు నీళ్ళను 29 డిగ్రీలు దాటనివ్వవద్దు. దానితో సమానంగా పట్టించుకోవలసిన అంకె ఇంకొకటి ఉంది. కప్ప ఉండే పెట్టెలోని వేడికీ, స్నానపు నీళ్ళ వేడికీ మధ్య తేడా రెండు డిగ్రీలకు మించకూడదు. చలికాలం రాత్రి పెట్టె 21 డిగ్రీలకు చల్లబడి ఉంటే, నీళ్ళు పుస్తకం ప్రకారం 26 ఉన్నాయి కదా అని అప్పటికప్పుడు కప్పను అందులో దింపడం తప్పు. ముందు పెట్టెను దాని మామూలు వేడికి తీసుకురావాలి, ఆ తరువాతే స్నానం.

థర్మామీటరు సంగతి

ఆక్వేరియం దుకాణాల్లో దొరికే, తీగ చివర మొన ఉన్న డిజిటల్ థర్మామీటరు ఈ పనికి అన్నింటికన్నా అనువైనది, ఖరీదూ తక్కువే. వంటకు వాడే పుల్ల థర్మామీటరూ పనికివస్తుంది గానీ, కప్ప నీళ్ళలో పెట్టినదాన్ని మళ్ళీ వంటలో పెట్టకూడదు. దూరం నుంచి గురిపెట్టే తుపాకీ రకం నీటి పైపొర వేడిని మాత్రమే చూపిస్తుంది, అడుగున ఎంత ఉందో చెప్పదు. పాదరసం ఉన్న గాజు థర్మామీటరును దగ్గరికే రానివ్వవద్దు, పగిలితే కప్పకూ మీకూ హాని.

ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు తప్ప ఏదీ లేదనుకోండి. దానితో కొలవలేం గానీ ఒక సంగతి తెలుసుకోవచ్చు. అది మామూలుగా 32 డిగ్రీల పైన మాత్రమే అంకె చూపిస్తుంది, అంతకన్నా తక్కువైతే ‘లో’ అని రాస్తుంది. కాబట్టి దాని మీద ఏ అంకె కనిపించినా ఆ నీళ్ళు కప్పకు పనికిరావు. ‘లో’ అని వస్తే 32 కన్నా తక్కువ అని మాత్రమే రుజువైంది, అది 31 కావచ్చు, 12 కావచ్చు. ఆ ఒక్క మాటను నమ్మి కప్పను దింపవద్దు.

ఎలాంటి థర్మామీటరైనా కొన్నాక ఒకసారి పరీక్షించుకోవాలి. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, సందుల్లో నిండేదాకా నీళ్ళు పోసి, బాగా కలిపి మూడు నిమిషాలయ్యాక మొన ముంచితే సున్నా డిగ్రీలు చూపించాలి. అది 1.5 చూపిస్తే, ఆ పరికరం ఒకటిన్నర ఎక్కువ చెప్తున్నట్టు గుర్తుంచుకుని లెక్క సరిచేసుకోండి.

నీళ్ళు సిద్ధం చేయడం

అన్నింటికన్నా సులువైన పద్ధతి ముందురోజు రాత్రే నీళ్ళు పట్టి పెట్టుకోవడం. రెండు లీటర్ల నీళ్ళు ఒక శుభ్రమైన పాత్రలో పట్టి, మూత వేసి, కప్ప పెట్టె పక్కనే ఉంచితే తెల్లారేసరికి గది వేడికి వస్తాయి. మూత ఎందుకంటే, తెరిచి ఉంచిన నీళ్ళు ఆవిరవుతూ గది గాలికన్నా చల్లబడతాయి. మట్టికుండ నీళ్ళను చల్లబరిచేది ఈ గుణమే. ఏసీ వల్లా హీటర్ వల్లా గాలి పొడిగా ఉండే ఇళ్ళల్లో ఈ తేడా రెండు మూడు డిగ్రీల దాకా ఉంటుంది.

వేడితో పాటు నీళ్ళలోని క్లోరిన్‌ను కూడా వదిలించుకోవాలి. మామూలు క్లోరిన్ అయితే మూత లేని వెడల్పాటి పాత్రలో 24 గంటలు ఉంచితే చాలావరకు పోతుంది. కానీ అమెరికాలోని అనేక నగరాల్లో క్లోరిన్ బదులు, క్లోరిన్‌కు అమ్మోనియా చేర్చి తయారుచేసే క్లోరమైన్ కలుపుతారు, అది ఎన్ని గంటలు ఉంచినా అలా పోదు. అందుకే ఆక్వేరియం దుకాణంలో క్లోరమైన్‌ను, దాని నుంచి విడుదలయ్యే అమ్మోనియాను కూడా పట్టగలదని సీసా మీద రాసి ఉన్న వాటర్ కండిషనర్‌ను కొని, అందులో చెప్పిన కొలత ప్రకారం వేయాలి. ఆర్‌వో నీళ్ళూ, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ళూ శుద్ధమైనవే అయినా, వాటిలో లవణాలు లేకపోవడం వల్ల ఎక్కువసేపు కూర్చోబెడితే కప్ప ఒంటిలోని లవణాలు బయటికి పోతాయి. కండిషనర్ వేసిన కుళాయి నీళ్ళే మేలు.

అప్పటికప్పుడు కావలసి వస్తే నీళ్ళు కలుపుకోవాలి. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు అని మన సామెత. కప్ప దగ్గర దాన్ని తిరగవేసి, చన్నీళ్ళకే వేన్నీళ్ళను తోడు చేయాలి. ముందు చల్లని కుళాయిని రెండు నిమిషాలు వదిలేసి, గొట్టంలో రాత్రంతా నిలిచిన నీళ్ళు పోయాక ఒక లీటరు పట్టండి. రాగి గొట్టాల్లో నిలిచిన నీళ్ళలో కరిగి ఉండే రాగి ఉభయచరాలకు విషం, వేడినీళ్ళ కుళాయిలో అది ఇంకా ఎక్కువగా కరుగుతుంది. అందువల్ల వేన్నీళ్ళను గీజరు నుంచి పట్టకుండా, చల్లని కుళాయి నీళ్ళనే కెటిల్‌లో కాచుకోవాలి. లీటరు నీళ్ళు 20 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, వాటిని 25కు తేవడానికి 60 డిగ్రీల వేన్నీళ్ళు 140 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న కాఫీ కప్పు నిండా, సరిపోతాయి. ఒక్కసారిగా పోయకుండా సగం పోసి, చెంచాతో బాగా కలిపి, అర నిమిషం ఆగి, థర్మామీటరు చూసి మిగతా సగం పోయండి. కలపకుండా కొలిస్తే పైన వేడిగా, అడుగున చల్లగా ఉండి, మీకు దొరికే అంకె ఏ పొరదో తెలియదు. చివరగా మొత్తం నీళ్ళ కొలతకు సరిపడా కండిషనర్ కలపడం మరిచిపోవద్దు.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉన్నవారికి ఏడాదిలో మూడు నెలలు సమస్య దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు చేయి పెట్టనివ్వవు. అలాంటి రోజుల్లో తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే పట్టి, ఇంట్లో చల్లని మూల దాచుకున్న నీళ్ళు వాడాలి. అవి కూడా 30 దగ్గరే ఉంటే, ఐసు ముక్కలను నీళ్ళలో వేయకుండా, మూత బిగించిన ఐసు సీసాను కాసేపు ఆ పాత్రలో తేలనిచ్చి, మధ్యమధ్య కలుపుతూ కొలుస్తూ 25, 26కు తెచ్చి, సీసాను తీసేశాకే కప్పను దింపాలి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్నవారికి జనవరిలో చల్లని కుళాయి నీళ్ళు 10 డిగ్రీల లోపే వస్తాయి. అక్కడ లీటరుకు ఒక కప్పు వేన్నీళ్ళు సరిపోవు, కాబట్టి మనసులోని లెక్కను నమ్మకుండా ప్రతిసారీ కొలవండి.

నీళ్ళలో ఇంకేమీ కలపకండి. మా అత్తగారు చిటికెడు పసుపూ, నాలుగు వేపాకులూ వేస్తే పుండ్లు రావని ప్రేమగానే చెప్పారు. మన ఒంటికి మంచిదైనా, తగిలిన ప్రతిదాన్నీ లోపలికి పీల్చుకునే చర్మానికి అది మందు కాదు. సబ్బు, షాంపూ, క్రిమినాశిని, కళ్ళుప్పు అన్నీ ఆ కోవకే చెందుతాయి. లవణాల ద్రావణంలో కూర్చోబెట్టవలసిన జబ్బులు కొన్ని ఉన్నాయి, వాటి కొలతలు చెప్పవలసింది వైద్యుడే.

కప్పను దింపడం

పొట్టిగా, వెడల్పుగా ఉన్న ప్లాస్టిక్ తొట్టి తీసుకోండి. లోపల సబ్బు వాసన రాకూడదు, అడుగు నున్నగా ఉండాలి. నీళ్ళు కప్ప ముందుకాళ్ళ మోచేతుల దాకా, గడ్డం కిందికే ఉండాలి. పాక్‌మాన్ కప్పకు ఈత సరిగా రాదు, లోతైన నీళ్ళలో మునిగిపోతుంది అంటే చాలామంది నమ్మరు గానీ అది నిజం. తొట్టిని పొయ్యి పక్కన, కిటికీ ఎండలో, వేడి దీపం కింద, వేడి చాప మీద పెట్టకూడదు. పలుచగా ఉన్న నీళ్ళు చాలా తొందరగా వేడెక్కుతాయి, అంతే తొందరగా చల్లారుతాయి.

మీ చేతులను బాగా కడిగి, సబ్బు జాడ లేకుండా మళ్ళీ రెండుసార్లు ఉత్త నీళ్ళతో కడిగి, తడి చేతులతోనే కప్పను పట్టుకోండి. పొడి లేని రకం తొడుగులను తడిపి వేసుకుంటే ఇంకా మంచిది. మన పొడి అరచేయి 33 డిగ్రీల వేడి పెనం లాంటిదని గుర్తుంచుకుంటే ఎక్కువసేపు పట్టుకోబుద్ధి కాదు. వెనుకవైపు నుంచి, పొట్ట కింద చేయి పెట్టి లేపండి. పాక్‌మాన్‌కు ముందువైపు నుంచి వచ్చే వేలు ఆహారంలాగే కనిపిస్తుంది, దాని పట్టు చిన్నదేమీ కాదు. ముందుగా వెనుక కాళ్ళు మాత్రమే నీటికి తగిలేలా దింపి, రెండు క్షణాలు ఆగి, పెనుగులాట లేకపోతే పూర్తిగా వదలండి.

వానలు లేని ఏడాది రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి బిందెలతో నీళ్ళు పోసే కప్పతల్లి ఆట మనలో కొందరైనా చూసే ఉంటారు. బహుశా ఆ గుర్తు వల్లనేమో, మన ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళు కప్పను చూడగానే చెంబు అందుకుంటారు. పైనుంచి నీళ్ళు పోయకండి, అవి ముక్కులోకి పోతాయి, కప్ప బెదిరిపోతుంది. ఒంటి మీద అట్టకట్టిన మురికి ఉంటే అదే తొట్టి నీటిని గుప్పెడు తీసుకుని, వీపు మీద నెమ్మదిగా జారవిడిస్తే చాలు. గుడ్డతో రుద్దవద్దు.

పది నుంచి ఇరవై నిమిషాలు సరిపోతుంది. ఐదు నిమిషాలకొకసారి థర్మామీటరు చూడండి. గది చల్లగా ఉండి నీళ్ళు 23 కన్నా తగ్గిపోతే, కప్ప ఉండగా తొట్టిలో వేన్నీళ్ళు పోయకూడదు. కప్పను తీసి, తడి చేసిన మూత డబ్బాలో ఒక నిమిషం ఉంచి, నీళ్ళు సరిచేసి, కొలిచి, మళ్ళీ దింపాలి. నీళ్ళలోకి దిగగానే చాలా కప్పలు మూత్రమో పెంటో వదులుతాయి. అలా జరిగితే వెంటనే, ముందే అదే వేడికి తెచ్చి పెట్టుకున్న రెండో లీటరుతో నీళ్ళు మార్చండి. కప్ప పొట్ట చర్మానికి ఆ నీళ్ళు తాగే నీళ్ళే, పైగా నీళ్ళు వెచ్చనయ్యేకొద్దీ అందులోని అమ్మోనియా విషం తీవ్రమవుతుంది. ఈ కారణానికే రెండు లీటర్లు సిద్ధం చేయమని మొదట చెప్పాను.

వేడి తప్పినప్పుడు కనిపించేవి

నెమ్మదిగా వేడెక్కే నీళ్ళలో కప్ప ఏమీ తెలియక ఉడికిపోతుందనే కథ ఉపన్యాసాల్లో తరచుగా వినిపిస్తుంది. జర్మన్ శరీరశాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ గోల్ట్జ్ 1869లో చేసిన ప్రయోగాల్లో అలా ఉండిపోయింది మెదడు తీసేసిన కప్ప. మెదడు ఉన్న కప్ప నీళ్ళు 25 డిగ్రీలకు వచ్చేసరికే బయటపడాలని చూసింది. మీ కప్పకు తెలుస్తుంది, తొట్టి గోడ నున్నగా ఉంటే బయటికి రాలేదు, అంతే. కాబట్టి మీరు పక్కనే కూర్చోవాలి, ఫోను మోగితే కప్పను తీసి పెట్టెలో పెట్టి వెళ్ళాలి.

అంచును గీకడం, ఎగరడం, ఒళ్ళు ఉబ్బించడం, గొంతు కింది చర్మం చాలా వేగంగా కొట్టుకోవడం, చర్మం మీద జిగురు ఎక్కువగా ఊరడం, పొట్టా తొడలూ ఎర్రబడడం వేడి ఎక్కువైందనడానికి గుర్తులు. కాళ్ళు చాపి నీరసంగా పడి ఉంటే, వెల్లకిలా తిప్పినప్పుడు తిరిగి బోర్లా పడలేకపోతే అది అత్యవసర స్థితి. వెంటనే తీసి నీడలోకి మార్చి, 22 నుంచి 24 డిగ్రీల పలుచని నీళ్ళలో, తల పైకి ఉండేలా పట్టుకుని ఉంచి, వైద్యుడికి ఫోను చేయండి. కంగారులో ఐసు నీళ్ళలో వేయవద్దు, ఒకే నిమిషంలో 10 డిగ్రీల తేడా రెండో దెబ్బ అవుతుంది.

చల్లని నీళ్ళలో ఉన్న కప్ప గొడవ చేయదు, అదే చిక్కు. కళ్ళు సగం మూసుకుని, తాకినా ఆలస్యంగా కదులుతూ, బుద్ధిమంతురాలిలా కూర్చుంటుంది. డంపీ కప్పలైతే రంగు ముదిరి గోధుమ వన్నెకు తిరుగుతాయి. అలాంటప్పుడు తీసి, పెట్టెలోని మామూలు వేడిలో దానంతట అదే కోలుకోనివ్వండి. హెయిర్ డ్రైయర్, వేడినీళ్ళ సంచి వంటి దగ్గరి దారులు వద్దు.

ఇంకొక జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. కప్పల చర్మానికి వచ్చే కైట్రిడ్ అనే శిలీంధ్రం 17 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది, అంతకన్నా బాగా వేడెక్కితే నిలవలేదు. వైద్యులు కొన్ని జాతులకు వేడిని చికిత్సగా వాడతారు. ఆ సంగతి ఎక్కడో చదివి, చర్మం పాలిపోయిన కప్పను 32 డిగ్రీల నీళ్ళలో కూర్చోబెట్టి చికిత్స చేశామనుకునేవారు ఉన్నారు. రోజుల తరబడి, జాతిని బట్టి, పర్యవేక్షణలో గాలి వేడిని పెంచే ఆ పద్ధతికీ, ఇంట్లో తొట్టి స్నానానికీ సంబంధం లేదు.

స్నానం అయ్యాక

కప్పను తుడవకుండా, తడిగానే నేరుగా దాని పెట్టెలోకి చేర్చండి. తడి ఒంటితో ఫ్యాను కిందో ఏసీ గాలికో ఉంచితే, కుండ నీళ్ళు చల్లబడ్డట్టే దాని ఒళ్ళూ చల్లబడి, ఇంతసేపు పడ్డ శ్రమ వృథా అవుతుంది. ఆ పూట మేత పెట్టవద్దు, మరునాడు పెట్టండి. స్నానపు నీళ్ళను పెరట్లో గానీ, వాన కాలువలో గానీ పారబోయకుండా మరుగుదొడ్డిలో పోయాలి. పెంపుడు కప్పల నుంచి బయటి కప్పలకు రోగాలు పాకే దారుల్లో ఈ నీళ్ళు ఒకటి. తొట్టినీ థర్మామీటరునూ వంటింటి సింకులో కడగకూడదు. 2009 నుంచి 2011 వరకు అమెరికాలో మరుగుజ్జు కప్పల తొట్టి నీళ్ళ నుంచి పిల్లలకు సాల్మొనెల్లా అనే, విరేచనాలు తెచ్చే బాక్టీరియా సోకి, ఆ వ్యాధి అనేక రాష్ట్రాలకు వ్యాపించింది. ఐదేళ్ళ లోపు పిల్లలను ఈ పనికి దూరంగా ఉంచి, మిగతావారు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. ఆ తొట్టిని వేడినీళ్ళతో కడిగి, బోర్లించి ఆరబెట్టి, దాని మీద కప్పకు మాత్రమే అని రాసి పెట్టుకోండి. మా ఇంట్లో ఆ రాత లేనన్నాళ్ళూ అది పప్పు నానబెట్టే గిన్నెల మధ్యకు చేరిపోతూనే ఉండేది.